మాంసకృత్తులలో ఇరుగు పొరుగు



తలపాగా చుట్టుట చూడనివారు ఈ సభలో ఉండరు. పది మూరల గుడ్డను తలకు చుట్టినపుడు, గుడ్డ పొడవున ఎంతో ఎడముగా నున్న రెండు చోట్లు ఒకదానిపై నొకటి వచ్చి ఒరసికొనును. ఈ కొసనుండి మూడవ మూర, ఎనిమిదవ మూర పక్కపక్కన చేరును. మూడవ మూరకును నాల్గవ మూరకును మాత్రము తలయంతయు అడ్డముండవచ్చును. గుడ్డ పొడవున కొలుచు దూరము వేరు, చుట్టిన పిదప ఏర్పడు పొరుగుతనము వేరు. తలపాగా నిలుచుట, జారుట ఈ రెండవ దానిపై నాధారపడి యున్నవి. నేటి ప్రసంగ విషయము ఈ రెండవ విధమైన పొరుగుతనము. అయితే ఇచట చుట్టబడునది గుడ్డ కాదు, కంటికి కనబడనంత సన్నని గొలుసు.

ఆ గొలుసులకే మాంసకృత్తులని పేరు, ఆంగ్లములో ప్రోటీనులందురు. పేరులో మాంసమున్నది గదా యని శాకాహారులు జంకనక్కరలేదు. కందిపప్పులోను, శనగలలోను, పాలలోను ఉన్నవి కూడ ఇవియే. అన్నమును జీర్ణము చేయునవి, రక్తములో ప్రాణవాయువును మోయునవి, కండరమును ముడిచి చాచునవి, చర్మమునకును ఎముకకును బిగువు నిచ్చునవి, అన్నియు మాంసకృత్తులే. ఇరువది రకముల అమినో ఆమ్లములు వరుసగా కూడి ఈ గొలుసులగును. ఒక ఆమ్లము మరియొక దానితో కూడునపుడు రెంటి నడుమనుండి ఒక నీటి అణువు వెడలిపోవును. నీరు పోగా మిగిలినది గనుక, గొలుసులో చేరిన ప్రతి ఆమ్లమునకును శేషము అని పేరు పెట్టిరి.

శేషములన్నిటికిని వెన్నుభాగ మొక్కటే. తేడా యంతయు ప్రక్కకు చాచిన కొమ్మలో నున్నది. గ్లైసిన్ అను శేషమునకు కొమ్మయే లేదనవచ్చును. ఆ స్థానమున ఒక్క ఉదజని పరమాణువు మాత్రముండును. వేలిన్, లూసిన్, ఫినైల్ అలనిన్ అనువాని కొమ్మలు నూనెవలె నీటికి గిట్టనివి. గ్లుటామిక్ ఆమ్లమునకు ఋణ విద్యుత్తు, లైసిన్‌కు ధన విద్యుత్తు. సిస్టీన్ కొమ్మ చివర గంధకము. నూనె నీటినుండి తొలగినట్లు నీటికి గిట్టనివి గొలుసు నడిమికి చేరి ఒకదానినొకటి ఆనుకొనును. ధనము ఋణమును చేరదీయును. రెండు గంధకములు కలిసి ముడి వేసికొనును. ఉదజనిని మధ్యవర్తిగా పెట్టుకొని నత్రజనియు ఆమ్లజనియు చేతులు కలుపును. ఇట్లు గొలుసు చుట్టుకొని ఒక నిశ్చితమైన రూపమును పొందును. ఆ రూపమున్నంతవరకే అది తన పని చేయగలదు.

ఈ ఎడములను కొలుచుటకు మూర, బెత్తెడు పనికిరావు. సెంటీమీటరులో పదికోట్లవ వంతును ఒక ఆంగ్‌స్ట్రామ్ అందురు. గంధకపు ముడిలో రెండు గంధకముల నడుమ దూరము రెండు ఆంగ్‌స్ట్రాములకు కొంచెము ఎక్కువ. ఉదజని మధ్యవర్తిగా నున్న జతలో నత్రజనికిని ఆమ్లజనికిని నడుమ దాదాపు మూడు. రెండు శేషములు పొరుగువి యని ఎప్పుడనవలెను? లెక్కవేయువారు తరచుగా 8 ఆంగ్‌స్ట్రాముల గీత నుంచుకొందురు. కొమ్మల మొదటి కర్బన పరమాణువుల నడుమ దూరము అంతకు లోపలనున్న అవి పొరుగులు. ఈ గీత ప్రకృతి గీచినది కాదు, లెక్కకొరకు మనుష్యులు గీచుకొన్న పొలిమేర. కొందరు మరియొక కొలతను వాడుదురు. గీతను ఒక అడుగు ఇటు జరిపిన కొందరు పొరుగువారు తగ్గుదురు, అటు జరిపిన పెరుగుదురు. ఫలితములను చదువునపుడు ఏ గీతను వాడిరో మొదట అడుగుట మంచిది.

గొలుసు తన పొరుగువారిని తానే వెదకికొనగలదా, లేక ఎవరైన చేయిపట్టి చుట్టవలెనా? అమెరికాలోని బెథెస్డాలో క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టెను. ఆవు క్లోమమునుండి తీసిన రైబోన్యూక్లియేజ్ అను మాంసకృత్తును ఎన్నుకొనెను. దానిలో 124 శేషములు, వానిలో ఎనిమిది సిస్టీనులు, అనగా నాలుగు గంధకపు ముళ్లు. 65వది 72వదానితో ముడివేసికొన్నది. ఇది దగ్గరి సంబంధమే. కాని 26వది 84వదానితోను, 40వది 95వదానితోను, 58వది 110వదానితోను ముడివేసికొన్నవి. ఇవి దూరపు సంబంధములు. ఎనిమిదింటిని జతలుగా కట్టుటకు 105 విధములు కలవు. వానిలో సరియైనది ఒక్కటే.

ఆన్‌ఫిన్సెన్ ఆ మాంసకృత్తును యూరియా ద్రావణములో వేసి, మరియొక రసాయనముతో ముళ్లన్నియు విప్పెను. యూరియా యనగా రైతు పొలమున చల్లునదే. గొలుసు వదులై పని మానినది. పిదప యూరియాను తొలగించి గాలి సోకనీయగా, గొలుసు తనంత తాను చుట్టుకొని, నూట అయిదింటిలో సరియైన ఆ ఒక్క విధమున ముళ్లు వేసికొని, మరల పనికి పూనుకొన్నది. యూరియా ఉండగానే ముళ్లు పడనిచ్చినపుడు మాత్రము ఎక్కడివక్కడ తప్పుడు ముళ్లు పడి, పని దాదాపు లేకపోయినది. కావున పొరుగెవరో నిర్ణయించు సమాచారమంతయు గొలుసులోని వరుసలోనే యున్నదని తేలినది. ఈ కృషికి ఆయనకు 1972లో నోబెల్ బహుమానము లభించెను.

ఎవరు ఎవరితో కలియుదురు అనునది ఒక ప్రశ్న. ఎవరు ఎవరికి ఎంతవరకు దగ్గరకు రావచ్చును అనునది మరియొకటి. ఈ రెండవ ప్రశ్నకు సమాధానము కేంబ్రిడ్జిలోనో, అమెరికాలోనో కాక మద్రాసులో లభించినది. ఆ కథ కొంచెము వివరముగా చెప్పదగినది.

1952లో మద్రాసు విశ్వవిద్యాలయమువారు భౌతికశాస్త్ర శాఖకు జి. ఎన్. రామచంద్రన్‌ను ఆచార్యునిగా నియమించిరి. ఆయన ఎర్నాకులమున 1922లో జన్మించినవాడు, సర్ సి. వి. రామన్ శిష్యుడు, నియామకము నాటికి వయస్సు ముప్పది. అప్పటి ఉపాధ్యక్షులు డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు కర్నూలులో జన్మించినవారని ఆంధ్రులకు గుర్తుచేయుట అప్రస్తుతము కాదు. ఆంధ్ర జిల్లాలు కూడ అపుడు మద్రాసు రాష్ట్రములోనివే.

ఆ రోజులలో బెర్నాల్ అను శాస్త్రజ్ఞుడు మద్రాసు వచ్చి, కొల్లాజెన్ అను మాంసకృత్తు నిర్మాణము ఇంకను తృప్తికరముగా తేలలేదని రామచంద్రన్‌తో అనెను. కొల్లాజెన్ అనగా తోలు, స్నాయువు, ఎముక వీనిలోని నార. తోలును కాచి తీయు జిగురు దానినుండి వచ్చినదే. మద్రాసులోనే కేంద్ర చర్మ పరిశోధనాలయమున్నది గనుక సరుకునకు కొదువ లేదు. మంచి ఎక్స్-రే చిత్రములకు ఆస్ట్రేలియానుండి కంగారూ తోక స్నాయువును కూడ తెప్పించిరి. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా 1954లో ఒక నమూనాను ప్రకటించిరి. మూడు గొలుసులు కలిసి పురి పెట్టిన త్రాడువలె నుండును. 1955లో, ఆ మూడును మరల ఒక పెద్ద మెలికగా తిరుగునని సవరించిరి.

ఈ త్రాటిలో పొరుగుతనము ఎంత గట్టి నియమమో చూడదగినది. కొల్లాజెన్ శేషములలో మూడింట ఒకటి గ్లైసిన్. ఎందులకనగా, మూడు గొలుసులును కలియు నడిమి చోటు మిక్కిలి ఇరుకు. ప్రతి మూడవ శేషము ఆ ఇరుకులోనికి వచ్చును. అచట కొమ్మ లేని గ్లైసిన్ తప్ప మరేదియు పట్టదు. ఒక్క గ్లైసిన్ స్థానమున కొమ్మగల శేషము పుట్టుకతో వచ్చి చేరిన త్రాడు అచట చెడును. కొందరు బిడ్డల ఎముకలు కొద్ది దెబ్బకే పెళుసుగా విరుగు వంశపారంపర్య వ్యాధికి తరచుగా కారణమిదియే.

నమూనా వెలువడిన ఏడాదికే కేంబ్రిడ్జినుండి ఆక్షేపణ వచ్చెను. 1953లో డి. ఎన్. ఏ. నిర్మాణమును చెప్పిన ఇరువురిలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ అను మరియొకనితో కలిసి, త్రాటి రూపమును అంగీకరించుచునే, మద్రాసు నమూనాలో కొన్ని పరమాణువులు ఒకదానికొకటి ఉండదగినదానికంటె దగ్గరగా నున్నవని వ్రాసెను. మూడు శేషములకు రెండు ఉదజని బంధములని రామచంద్రన్ చెప్పగా, వారు ఒక్కటే యనిరి.

ఈ ఆక్షేపణకు ఎదురు ఆక్షేపణ వ్రాసి ఊరకుండుట సులభము. అట్టి వివాదములు పత్రికలలో పెక్కు కలవు. వానివలన కాగితము ఖర్చగుట తప్ప ప్రయోజనము తక్కువ. రామచంద్రన్ వేరొక త్రోవ పట్టెను. ఉండదగిన దూరమనగా ఎంత? దానిని ఎవరు కొలిచిరి? అప్పటికి స్ఫటికములలో నిర్మాణము తేలిన అమినో ఆమ్లములు, చిన్న గొలుసులు, వానికి దగ్గరి పదార్థములు ఎన్ని కలవో అన్నిటిని వెదకి, ఒకదానితో నొకటి బంధము లేని పరమాణువులు వాస్తవముగా ఎంత దగ్గరకు వచ్చుచున్నవో జాబితా వ్రాయించెను. ప్రతి జతకును రెండు హద్దులు తేలినవి. సామాన్యముగా దాటని హద్దు ఒకటి, అరుదుగా తప్పనిసరియై చేరు కడపటి హద్దు మరియొకటి. రెండు కర్బనములకు 3.2, కడపటిది 3.0, కర్బనమునకును ఆమ్లజనికిని 2.8, కడపటిది 2.7, రెండు ఉదజనులకు 2.0, కడపటిది 1.9 ఆంగ్‌స్ట్రాములు.

హద్దులు చేతికి వచ్చిన పిదప రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ముగ్గురును మరియొక ప్రశ్న వేసికొనిరి. గొలుసు వెన్నులో ప్రతి శేషమునకు ఇరుప్రక్కల రెండు కీళ్లు కలవు. ఆ రెండు చోట్లనే అది స్వేచ్ఛగా తిరుగగలదు. మూడవ కీలు బిగిసియుండును. ఈ రెండు కీళ్లను ఎన్ని విధముల త్రిప్పినను పరమాణువులు హద్దు మీరకుండునా? చదరపు పటములో అడ్డముగా ఒక కీలు కోణమును, నిలువుగా మరియొకదానిని పెట్టి, ఒక్కొక్క స్థితిలోను పరమాణువుల దూరములన్నియు లెక్కించిరి. నేటి యంత్రములు కనురెప్ప పాటులో ముగించు ఆ పనిని వారు బల్లమీది లెక్కల యంత్రముతో, ఓర్పుతో చేసిరి. పటములో మూడు వంతులకు పైగా నిషిద్ధ స్థలమని తేలినది. కొమ్మగల శేషము నిలువగల చోట్లు కొన్ని చిన్న దీవులు మాత్రమే. కొమ్మ లేని గ్లైసిన్‌కు తిరుగుటకు చోటు ఎక్కువ.

1963లో ఈ వ్యాసము అచ్చయినది. తరువాత లైసోజైమ్ మొదలగు మాంసకృత్తుల నిర్మాణములు ఒకటొకటిగా వెలువడగా, వాని శేషములలో అత్యధిక భాగము మద్రాసు పటములోని ఆ దీవులమీదనే కనబడినవి. రామచంద్రన్ పటమని ప్రపంచమంతట దానికి పేరు. నేటికిని ఎవరు కొత్త మాంసకృత్తు నిర్మాణమును ప్రకటింపదలచినను, ఎన్ని శేషములు ఆ పటము హద్దు దాటినవో చూపవలసియున్నది. కొల్లాజెన్ తగవు సంగతి యేమనగా, 1994లో స్పష్టమైన స్ఫటిక నిర్మాణము లభించినపుడు నేరుగా నున్న బంధము మూడు శేషములకు ఒక్కటే యని కనబడెను. ఆ మాటలో రిచ్, క్రిక్ చెప్పినది నిలిచెను. మూడు పేటల త్రాడు మాత్రము రామచంద్రన్‌దే. ఆయనకు నోబెల్ బహుమానము రాలేదు, 2001లో దివంగతుడయ్యెను. బహుమానము లేకున్నను ప్రతి ప్రయోగశాలలోను ఆయన పేరు దినమున కొకసారి పలుకక తప్పదు.

ఇక పొరుగుతనపు పట్టికలను గూర్చి కొంచెము. ఊళ్ల నడుమ మైళ్ల దూరము తెలుపు చదరపు పట్టికలు కొన్ని పంచాంగములలోను, ప్రయాణ పుస్తకములలోను చూచియుందురు. పైన ఊళ్ల పేర్లు, ప్రక్కన అవే పేర్లు, రెండును కలియు గడిలో దూరము. ఊళ్ల స్థానమున శేషముల వరుస సంఖ్యలు వ్రాసి, ఎనిమిది ఆంగ్‌స్ట్రాముల లోపలనున్న జతకు చుక్క పెట్టిన అది మాంసకృత్తు యొక్క పొరుగు పట్టిక. గొలుసు మరమేకువలె చుట్టుకొన్న చోట్ల చుక్కలు మూలనుండి మూలకు పోవు గీతను ఆనుకొనియుండును. రెండు పేటలు పక్కపక్కన సాగిన చోట్ల చుక్కలు గీతకు దూరముగా వేరొక చాలుగా కనబడును. దూరముల పట్టిక చేతనుండిన ఊళ్ల పటమును గీయవచ్చును గదా! అట్లే చుక్కల పట్టిక సరిగా తెలిసిన మాంసకృత్తు రూపమును కట్టవచ్చును.

రూపము తెలియకుండ చుక్కలెట్లు తెలియును? ఒకే పని చేయు మాంసకృత్తు ఆవులోను, చేపలోను, ఈస్టులోను కొంచెము కొంచెము భేదముతో నుండును. ఆ వరుసలను పక్కపక్కన పేర్చి చూచిన, ఒక స్థానమున పెద్ద కొమ్మ వచ్చినపుడెల్ల వేరొక స్థానమున చిన్న కొమ్మ వచ్చుట కనబడును. తలుపు లావైన ద్వారబంధమును చెక్కినట్లు, ఒకటి మారిన దాని నానుకొన్న రెండవది సర్దుకొన్నదని ఊహింపవచ్చును. ఈ యూహతో 1994 ప్రాంతమున లెక్కలు మొదలైనవి. చిక్కు ఒకటి వచ్చినది. ఒకటవది రెండవదానిని, రెండవది మూడవదానిని తాకుచుండ, ఒకటికిని మూడింటికిని కూడ సంబంధమున్నట్లు లెక్క చూపును. చుట్టరికమును పొరుగుతనమును వేరుచేయు గణితము 2010 ప్రాంతమున చక్కగా కుదిరెను. పిదప గణక యంత్రములకు తెలిసిన నిర్మాణములన్నిటిని నేర్పి, తెలియనివానిని ఊహింపజేయుట 2018, 2020 సంవత్సరముల పరీక్షలలో అమితముగా ఫలించినది. 1971లో ఏడు నిర్మాణములతో ఆరంభమైన అంతర్జాతీయ నిధిలో నేడు రెండు లక్షలకు పైగా కలవు. యంత్రము చదువుకొన్న బడి అదియే. డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ అనువారికి ఈ ఊహాపద్ధతికై, డేవిడ్ బేకర్‌కు కొత్త మాంసకృత్తులను రూపొందించుటకై 2024లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను.

పొరుగుతనము ఎల్లప్పుడు మేలు చేయునది కాదు. ఒక్క తప్పుడు పొరుగు మనిషిని మంచము పట్టించును. దీనికి నిదర్శనము వెదకుటకు విదేశములకు పోనక్కరలేదు. విశాఖ మన్యములోను, ఆదిలాబాదు ప్రాంతములోను గిరిజన కుటుంబములలో ఆ వ్యాధి కలదు. మన దేశములో దానిని మొదట 1952లో నీలగిరి ప్రాంతపు గిరిజనులలో గుర్తించిరి. సికిల్ సెల్ వ్యాధి యందురు. సికిల్ అనగా కొడవలి. బిళ్లవలె గుండ్రముగా నుండవలసిన ఎఱ్ఱ రక్తకణము కొడవలి ఆకారమునకు తిరిగి, సన్నని నాళములలో అడ్డుపడి, కీళ్లలోను ఎముకలలోను భరింపరాని నొప్పి పుట్టించును, రక్తహీనత కలిగించును.

రక్తకణములో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు కలవు. వానిలో బీటా అను రెండు గొలుసులలో ఒక్కొక్కదానికి 146 శేషములు. 1949లో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు ఈ రోగుల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రములో వేరుగా నడచునని చూపిరి. వెర్నన్ ఇన్‌గ్రామ్ 1956, 1957 సంవత్సరములలో తేడాను వెదకి పట్టెను: బీటా గొలుసులో ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లముండవలసినచోట వేలిన్ ఉన్నది. 146 శేషములలో ఒక్కటి మాత్రమే!

ఆ ఒక్కటి చేయు పని ఇది. గ్లుటామిక్ ఆమ్లము విద్యుత్తు గలది, నీటితో పొత్తు గలది. అది అణువు పైభాగమున నీటిలో హాయిగా నుండును. వేలిన్ నీటికి గిట్టనిది. తలదాచుకొను చోటు వెదకును. ప్రాణవాయువును విడిచిన హీమోగ్లోబిన్ కొంచెము రూపు మార్చుకొనును. అపుడు దాని బీటా గొలుసులో 85వ ఫినైల్ అలనిన్, 88వ లూసిన్ నడుమ నూనెవంటి చిన్న గుంట తెరచుకొనును. ఒక అణువు వేలిన్ పక్క అణువు గుంటలో దూరును. ఆ పక్క అణువుది మరియొక దానిని పట్టును. ఇట్లు అణువులు బారులు తీరి, పదునాలుగు పేటల మోకులై, కణమును లోపలినుండి సాగదీసి వంచును. ఊపిరితిత్తులలో ప్రాణవాయువు మరల చేరినపుడు గుంట మూసికొని మోకులు విడిపోవును. కాని పదేపదే వంగిన కణము తుదకు వంగియే యుండి త్వరగా నశించును.

తల్లిదండ్రు లిరువురినుండి ఈ లోపము వచ్చిన బిడ్డకే వ్యాధి. ఒక్కరినుండి వచ్చినవారు సామాన్యముగా ఆరోగ్యవంతులే. పైగా చిన్ననాట ప్రాణాంతకమైన మలేరియా వారిని అంతగా చంపదు. మలేరియా గల అడవి ప్రాంతములలో ఈ లక్షణము తరతరములుగా నిలిచియుండుటకు కారణమిదియే. అది ఎవరి పాపఫలమును కాదు, కులదోషమును కాదు. ఇట్టి లక్షణమున్న ఇరువురు వివాహమాడిన, పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము. అందుచేతనే 2023 జూలై 1న భారత ప్రభుత్వము ఆరంభించిన జాతీయ కార్యక్రమములో గిరిజన ప్రాంతముల యువతీయువకులకు రక్తపరీక్ష జరిపి, ఫలితమును తెలుపు కార్డు నిచ్చుచున్నారు. 2047 నాటికి వ్యాధిని నిర్మూలింపవలెనని సంకల్పము. పెండ్లి సంబంధము చూచునపుడు నక్షత్రముల పొంతనతోపాటు ఈ కార్డుల పొంతనను చూచుట ఆ కుటుంబములకు అవసరము.

వ్యాధి గల శిశువు పుట్టిన తొలి నెలలలో ఏ బాధయు లేక ఆడుకొనుట వైద్యులను చాలకాలము ఆశ్చర్యపరచినది. గర్భములో నున్నపుడు శిశువు రక్తములో బీటా గొలుసునకు బదులు గామా గొలుసు గల హీమోగ్లోబిన్ ఉండును. అది పుట్టిన తరువాత కొన్ని నెలలకు గాని తగ్గదు. గామా గొలుసులో 87వ స్థానమున, ఆ గుంట అంచుననే, బీటాలోని థ్రియోనిన్‌కు బదులు గ్లుటమిన్ అను పెద్ద శేషమున్నది. అది అడ్డుగా నిలిచి మోకు అల్లిక సాగనీయదు. హైడ్రాక్సీయూరియా అను మందు పెద్దవారిలోను ఆ శిశు హీమోగ్లోబిన్‌ను కొంత మేరకు మరల పుట్టించును. దానివలన నొప్పి వచ్చు పర్యాయములు పలువురిలో తగ్గుచున్నవి. అది వైద్యుని చూపున, ఎప్పటికప్పుడు రక్తము పరీక్షింపించుకొనుచు వాడవలసిన మందు.